పిల్లగుర్రం రెడీ అయిందని ఎవరు చెప్పాలి?

పేపర్లో రేసుల పేజీ తిరగేసే అలవాటున్నవాళ్లకి ట్రాక్‌వర్క్ కాలమ్ గురించి చెప్పక్కర్లేదు. గుర్రం పేరు, పక్కన 600/40 అనో (ఆరొందల మీటర్లు నలభై సెకన్లలో అని) 800/55 అనో ఒక అంకె, చివర్న ‘బాగా కదిలింది’ అనో ‘హుషారుగా ఉంది’ అనో ఒక ముక్క. ఈమధ్య ఒక మిత్రుడు ఆ కాలమ్‌ని ఫొటో తీసి నాకు పంపాడు. ఇంకో ముగ్గురితో కలిసి అతను ఒక ఫిల్లీలో, అంటే ఆడ పిల్లగుర్రంలో, వాటా కొన్నాడు. ఇంకా ఒక్క రేసు కూడా పరిగెత్తని పిల్ల. ఫొటోలో దాని పేరు చుట్టూ ఎర్రగా గీత గీసి, కింద వాయిస్ మెసేజ్ పెట్టాడు: “చూసినవా అన్నా, ఆరొందలు నలభైల కొట్టింది. ఇంత మంచిగ ఉరుకుతుంటే ఇంక ఆపుడెందుకు? ట్రైనర్‌ని అడిగితే చూద్దాం చూద్దాం అంటడు. నెల తిరిగేసరికి బిల్లు మాత్రం వస్తది.”

తర్వాత ఫోన్లో చాలాసేపు వాదించుకున్నాం. అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు. డబ్బు పెట్టాడు, గుర్రం పరిగెడితే చూడాలని ఉంది. కానీ ఆ 600/40 చూసి పిల్ల రెడీ అయిందని తేల్చేయడం దగ్గరే నాకు పేచీ. ఫోన్లో సరిగా చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మా మేనమామ హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో చాలా ఏళ్లు రైడింగ్ బాయ్‌గా, అంటే రోజూ గుర్రమెక్కి పని చేయించేవాడిగా, చేశాడు. ఒళ్లు బరువెక్కాక అదే లాయంలో సైసుల (గుర్రాల్ని చూసుకునేవాళ్ల) మీద జమాదారుగా ఉండి రిటైరయ్యాడు. సెలవుల్లో ఆయన వెంట తెల్లవారుజామున లాయానికి వెళ్లడం నా చిన్నప్పటి సరదా. గుర్రాల గురించి నాకు తెలిసినదాంట్లో సగం అక్కడ చూసింది, సగం తర్వాత చదువుకున్నది. ఈ రెండూ కలిపి చూస్తే నాకు ఏర్పడిన అభిప్రాయం ఇదీ: రెండేళ్ల పిల్లకి పని నేర్పడం తప్పు కాదు, అసలు ఆ వయసులోనే మొదలుపెట్టాలి. కానీ మొదటి రేసు ఎప్పుడన్నది ఓనరు క్యాలెండరు చూసో స్టాప్‌వాచీ చూసో ఖాయం చేయకూడదు. రోజూ దాని కాళ్లు తడిమే మనిషి మాటకి అక్కడ విలువ ఉండాలి. ఇప్పుడు ఆ మాట ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ అడగరు.

గడియారం కొలిచేదెంత

పిల్లగుర్రాన్ని పనిలో పెట్టాక దాని ఒంట్లో అన్నీ ఒకే వేగంతో ఎదగవు. గుండె, కండలు కొన్ని వారాల్లోనే తేరుకుంటాయి. మొదట్లో ఒక చిన్న కాంటర్‌కే (నిదానపు పరుగుకే) ఎగశ్వాస పెట్టిన పిల్ల, నెలన్నర తిరిగేసరికి అదే దూరం వెళ్లొచ్చి చెవులు నిక్కించి నిలబడుతుంది. తొడల మీద కండ తేలుతుంది, ఒంటి మీద మెరుపు వస్తుంది. చూసేవాళ్లందరికీ ముచ్చటేస్తుంది. ఎముకకి మాత్రం నెలలు పడుతుంది. కండరాలకీ ఎముకకీ నడుమ పట్టు ఇచ్చే కండరబంధాలు కూడా అంతే, నిదానం.

600/40 కొలిచేది ఆ మొదటి భాగాన్ని. గుండె బాగుంది, కండ బాగుంది, పిల్లకి పరిగెత్తాలని ఉంది. అంతవరకే. గ్యాలప్‌లో, అంటే పూర్తి వేగపు పరుగులో, ప్రతి అంగలోనూ ఒక క్షణం గుర్రం మొత్తం ఒక్క ముందు కాలి మీదే నిలుస్తుంది. నాలుగైదు వందల కిలోల జంతువు. ఆ క్షణంలో కాలి మీద పడే బలం దాని బరువుకి రెండున్నర రెట్ల దాకా ఉంటుంది. దాన్ని మోసేది మోకాలి కింద నుంచి మడమ దాకా ఉండే ఒక సన్నటి ఎముక. లాయాల్లో దాన్ని షిన్ అనే అంటారు.

ఆ ఎముక పుట్టుకతోనే రేసుకి తయారై రాదు. వేగం రుచి చూశాకే ముందువైపు, లోపలివైపు మందం కడుతుంది. అయితే కట్టే ముందు పాత ఎముకని కొంత కరిగించుకుంటుంది. రోడ్డు బాగుచేయాలంటే ముందు తవ్వాలి కదా, అలాగ. తవ్విన రోడ్డు మళ్లీ గట్టిపడేదాకా దాని మీద లారీలు తోలితే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం న్యూ బోల్టన్ సెంటర్లో డేవిడ్ నునమేకర్ అనే పశువైద్య పరిశోధకుడు ఏళ్ల తరబడి ఈ షిన్ల మీదే పనిచేశాడు. అమెరికాలో శిక్షణలో ఉన్న కుర్ర థరోబ్రెడ్లలో (రేసు జాతి గుర్రాల్లో) దాదాపు 70 శాతానికి షిన్ సోర్, అంటే ఆ ఎముక నొప్పి, వస్తోందని ఆయన లెక్క. అంటే అది దురదృష్టం వల్ల ఎక్కడో ఒకదానికి వచ్చే జబ్బు కాదు, మనం పెట్టే పని తీరు వల్ల వచ్చేది.

ఆ తవ్వకాన్నే ఆపేసే మందులున్నాయి. ఎముక అరిగే ముసలి గుర్రాలకి వాటితో ఉపయోగం ఉంది. కుర్ర గుర్రాలకి ఇస్తే నొప్పి తగ్గినట్టే ఉంటుంది గానీ ఎముక తనని తాను కొత్తగా కట్టుకునే పని కూడా ఆగిపోతుంది. అందుకే బ్రిటన్‌లో మూడున్నరేళ్లు నిండని గుర్రానికి అవి ఇవ్వకూడదని నిషేధం పెట్టారు. ఈ పని జరగడానికి కావలసింది సమయం. దాన్ని మందుతో కొనలేం.

షిన్ బాధని మొట్టమొదట కనిపెట్టేది ఎక్స్‌రే కాదు. పని ముగించి వచ్చిన గుర్రాన్ని కడిగి, ఒళ్లు తుడిచి, మాలిష్ అయ్యాక సైసు దాని ముందు కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుంటాడు. మోకాలి కింద అరచేయి పెట్టి నెమ్మదిగా కిందికి జారుస్తాడు. ఒక కాలు, తర్వాత రెండో కాలు, మళ్లీ మొదటిది. తర్వాత బొటనవేలితో ఎముక ముందు వైపు కొంచెం నొక్కుతాడు. పిల్లకి నొప్పి ఉంటే కాలు లాక్కోదు, అంత బాహాటంగా చెప్పదు. భుజం దగ్గర చర్మం ఒకసారి జలదరిస్తుంది. చెవి వెనక్కి పడి మళ్లీ లేస్తుంది. అంతే. మా మామ ఆ చెవి వైపు చూస్తూ ఉండేవాడు, కాలు వైపు కాదు. “కాలు చల్లగున్నదా లేదా అన్నది ముందు చూడాలె బిడ్డా, గడియారం సంగతి తర్వాత” అనేవాడు.

జీను వేయడానికి ముందు

పందేనికి ముందు శిక్షణ అనగానే చాలామందికి ట్రాక్ మీద పరుగులే గుర్తొస్తాయి. అసలు చదువంతా దానికి ముందే జరుగుతుంది. పుణె చుట్టుపక్కల నుంచో, పంజాబ్, హర్యానా నుంచో స్టడ్ ఫారాల్లో (గుర్రాల్ని పుట్టించి పెంచే చోట్ల) పుట్టిన పిల్ల లారీలో హైదరాబాద్ వస్తుంది. అప్పటిదాకా తోటి పిల్లలతో మైదానంలో తిరిగిన ప్రాణి. ఇక్కడికొచ్చాక నాలుగు గోడల బాక్సులో రోజుకి ఇరవై గంటలకి పైగా నిలబడాలి. నా దృష్టిలో దాని జీవితంలో పెద్ద దెబ్బ ఇదే. జీను, కళ్లెం అంతకన్నా చిన్న విషయాలు.

ముందు నోట్లో బిట్, అంటే కళ్లెపు కడ్డీ, అలవాటు చేస్తారు. కొన్ని చోట్ల ఆ బిట్‌కి చిన్న ఇనప తాళాల్లాంటివి వేలాడదీస్తారు, పిల్ల నాలుకతో వాటిని ఆడిస్తూ నోరు తడి చేసుకుంటుందని. రెండున్నరేళ్ల వయసులో గుర్రానికి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. చిగుళ్లు సలుపుతున్నప్పుడు బిట్ తగిలితే తల ఎగరేస్తుంది. తెలియనివాళ్లు పొగరనుకుంటారు. పగ్గాలు ఇంకా బిగిస్తారు. నోరు అక్కడే చెడుతుంది. ఒకసారి చెడిన నోరు మళ్లీ మెత్తబడడం చాలా కష్టం.

తర్వాత వీపు మీద పట్టా. రోజుకో రంధ్రం చొప్పున బిగిస్తారు. పొడవాటి తాడు మీద గుండ్రంగా తిప్పుతారు, కుడికి ఎంతసేపో ఎడమకీ అంతసేపు. రెండు పొడుగు పగ్గాలు పట్టుకుని మనిషి వెనకాలే నడుస్తూ ఆగు, నడువు, తిరుగు అని నేర్పుతాడు. ఇవన్నీ కుదిరాకే మనిషి ఎక్కడం.

ఆ ఎక్కడం ఎలా ఉంటుందో సినిమాల్లో చూపించరు. బాక్సులోనే జరుగుతుంది. ఒకడు తల పట్టుకుంటాడు. ఇంకొకడు రైడింగ్ బాయ్ మోకాలు పట్టి పైకి లేపుతాడు. బాయ్ కాలు అటువైపు వేయడు. బస్తాలాగా పొట్ట మీద అడ్డంగా వాలతాడు, చేతులు ఒకవైపు, కాళ్లు ఒకవైపు. పిల్ల ఊపిరి బిగబడుతుంది, పక్కటెముకలు గట్టిపడతాయి. బాయ్ కదలడు. మాట్లాడుతూ ఉంటాడు, ఏదో ఒకటి, అర్థంతో పని లేదు. పిల్ల పొడుగ్గా ఒక్క శ్వాస వదిలేదాకా అలాగే ఉంటాడు. వదిలిందా, దిగిపోతాడు. ఆ రోజుకి అంతే. మర్నాడు మళ్లీ. గుర్రానికి కళ్లు పక్కలకి ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ సరిగ్గా తన వెనక ఏముందో కనపడదు. అడవిలో పులి ఎక్కేది ఆ వీపు మీదికే. అక్కడ ఒక మనిషి కూర్చోవడానికి ఒప్పుకోవడం దాని వైపు నుంచి ఎంత పెద్ద విషయమో ఆ శ్వాస వదిలినప్పుడు అర్థమయ్యేది నాకు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న ఉంది. అమెరికాకి చెందిన మాంటీ రాబర్ట్స్ ఎప్పుడూ మనిషి ఎక్కని గుర్రాలని అరగంటలో జీనుకీ రైడరుకీ ఒప్పించి చూపించాడు. 1989లో విండ్సర్‌లో ఎలిజబెత్ రాణి ముందు కూడా చేసి చూపించాడు. కొట్టకుండా, కట్టేయకుండా. అరగంటలో అయ్యే పనికి వారాలెందుకు? ఆయన పద్ధతి వల్ల గుర్రాలని కొట్టి లొంగదీసే పాత అలవాటు తప్పని చాలామందికి అర్థమైంది. ఆ మేలు నేను కాదనను. కానీ అరగంటలో ఒప్పుకున్న గుర్రం, ఇరవై రోజుల తర్వాత పక్కనుంచి గ్యాలప్‌లో పోయే నాలుగు గుర్రాల మధ్య కూడా ఒప్పుకునే ఉంటుందా? ఎక్కనివ్వడం వేరు, నమ్మకం కుదరడం వేరు. రెండోదానికి రోజులు లెక్కపెట్టే పద్ధతి నాకు కనపడలేదు.

రెండేళ్లకే పరిగెత్తించడం పాపమా?

జంతువుల మీద ప్రేమ ఉన్న మిత్రులు కొందరు నా కన్నా ఒక అడుగు ముందుకేసి, నాలుగేళ్లు నిండేదాకా గుర్రం మీద మనిషే ఎక్కకూడదు అంటారు. వాళ్ల మాటలో బలం ఉంది. మోకాలి పైన ఎముక పెరిగే పొర రెండేళ్లు, రెండున్నరేళ్లు నిండితే గానీ మూసుకోదు. వెన్నుపూసల్లోనైతే ఐదేళ్ల దాకా కూడా పడుతుంది. ఆ లెక్కన రెండేళ్ల గుర్రం పసిదే. పైగా మన దగ్గర అన్ని థరోబ్రెడ్లకీ జనవరి 1నే పుట్టినరోజు అని లెక్క. ఏప్రిల్ చివర్లో పుట్టిన పిల్ల కాగితం మీద జనవరిలో పుట్టినదానితో సమానమైపోతుంది, కాళ్లలో మాత్రం మూడు నెలల పైచిలుకు తేడా ఉంటుంది.

చాలా రోజులు నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత చదివినవి నన్ను ఆలోచనలో పడేశాయి. న్యూజిలాండ్‌లో మాసే విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రెండేళ్ల వయసులో శిక్షణలోకో ట్రయల్‌కో (ప్రాక్టీసు రేసుకో) అసలు రేసుకో వెళ్లిన గుర్రాలు, ఆలస్యంగా మొదలుపెట్టినవాటికన్నా ఎక్కువ కాలం, ఎక్కువ రేసులు పరిగెత్తాయని తేలింది. పెరిగే వయసులో పడిన భారానికి ఎముక బాగా స్పందిస్తుంది, పెరుగుదల ఆగిపోయాక అంతగా స్పందించదు. నునమేకర్ చెప్పిందీ దీనికి దగ్గరిదే. రోజూ చాలా దూరం మెల్లగా తిప్పితే ఎముక మెల్లగా తిరగడానికే తయారవుతుంది. దాన్ని హఠాత్తుగా రేసు వేగంలోకి దింపితే దెబ్బతింటుంది. దానికి బదులు మొదట్నుంచీ చిన్న చిన్న దూరాలు, కొంచెం వేగంగా, వారంలో ఒకటి రెండు సార్లు వదిలితే షిన్ రేసుకి తగ్గట్టు మందం కడుతుందని ఆయన చూపించాడు.

న్యూజిలాండ్ లెక్కలని కూడా కళ్లు మూసుకుని ఒప్పుకోలేను. రెండేళ్లకే రేసుదాకా వచ్చిన గుర్రాలు గట్టివి కాబట్టే వచ్చి ఉండొచ్చు కదా? బలహీనమైనవి మధ్యలోనే ఆగిపోయి ఉంటాయి. గట్టివి ఎక్కువకాలం పరిగెత్తడంలో ఆశ్చర్యమేముంది? పరిశోధకులకీ ఈ అనుమానం తెలుసు, దాన్ని పూర్తిగా తీసేయడం ఎవరికీ కుదరదు. అయినా వేరే జంతువుల మీద, గడ్డి మైదానాల్లో తిరిగే పిల్లగుర్రాల మీద చేసిన చాలా పరిశోధనలు ఒకే దిక్కు చూపిస్తున్నాయి. పెరిగే ఎముకకి కదలిక కావాలి. బాక్సులో నిలబెట్టి ‘రెస్ట్’ ఇవ్వడం దానికి అన్నిటికన్నా చేటు. నాలుగేళ్ల దాకా బాక్సులో ఉంచి ఆ తర్వాత ట్రాక్ ఎక్కిస్తే అది దయ చూపించడం అవ్వదు.

అందుకే నేను వయసు మీద గీత గీయలేను. ఒకే స్టడ్ నుంచి, ఒకే తండ్రికి పుట్టిన రెండు పిల్లలు ఒకే రోజు లాయానికి వచ్చి, ఒకటి నవంబరుకి తయారై, రెండోది మరుసటి ఏడాది వానాకాలానికి గానీ తేరుకోకపోవడం మామూలే.

తొందర ఎవరిది

ఓనరు వైపు నుంచి కూడా చూడాలి. దాణా, సైసు జీతం, ట్రైనరు ఫీజు, లాడాలు, డాక్టరు. గుర్రం పరిగెత్తినా పరిగెత్తకపోయినా ప్రతి నెలా కట్టాలి. పరిగెత్తితేనే పైసా వచ్చే అవకాశం. నా మిత్రుడిలాంటి వాటాదారు కోటీశ్వరుడు కాదు, జీతగాడు. అతనికి టెన్షన్ ఉండడం న్యాయమే.

పైగా ఈ తొందర మన దగ్గర ఇంకా నయం. బ్రిటన్‌లో మార్చి చివర్లోనే డాంకాస్టర్‌లో బ్రాకిల్స్‌బీ అనే రేసుతో రెండేళ్ల గుర్రాల సీజను మొదలైపోతుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఓకాలాలో మార్చి, ఏప్రిల్ నెలల్లో జరిగే వేలంపాటలకి ముందు, అప్పుడే రెండేళ్లు దాటుతున్న పిల్లల్ని కొనేవాళ్ల ముందు ఒక ఫర్లాంగు, అంటే సుమారు 200 మీటర్లు, పది సెకన్లకి అటూ ఇటూగా పరిగెత్తిస్తారు. అది రేసుల్లో కూడా అరుదైన వేగం. ఒక్క పదో వంతు సెకను తేడాతో ధర మారిపోతుంది. అక్కడ గడియారమే సర్వం. నాకు ఇంతకన్నా తప్పుడు పరీక్ష కనపడదు, ఎందుకంటే అది ఆ రోజు సంగతి మాత్రమే చెబుతుంది, దాని కోసం ఆ పిల్ల ఏం పోగొట్టుకుందో చెప్పదు.

మన రేసుల ఏర్పాటు వేరు. కెంటకీ డర్బీ, ఎప్సమ్ డర్బీ మూడేళ్ల గుర్రాలకి. 1943 నుంచి ముంబై మహాలక్ష్మిలో జరుగుతున్న ఇండియన్ డర్బీ నాలుగేళ్ల గుర్రాలకి, ఫిబ్రవరిలో. మన మలక్‌పేటలో దక్కన్ డర్బీ మూడేళ్లవాటికే అయినా, వానాకాలం సీజను చివర్లో, అక్టోబరు మొదట్లో వస్తుంది. పెద్ద రేసులు ఇంత ఆలస్యంగా ఉన్న దేశంలో పిల్లకి కొన్ని నెలలు ఎక్కువ ఇవ్వడం వల్ల ఓనరు పెద్దగా పోగొట్టుకునేదేమీ లేదు. చేతిలో ఉన్న వెసులుబాటుని మనం వాడుకోవడం లేదన్నదే నా బాధ.

ఆలస్యంగా మొదలుపెడితే పెద్ద గుర్రం కాలేదన్న మాట కూడా నిలబడదు. రెండేళ్లప్పుడు ఒక్క రేసూ పరిగెత్తకుండా కెంటకీ డర్బీ గెలిచిన గుర్రం 1882లో అపోలో. ఆ తర్వాత 136 ఏళ్లకి, 2018లో జస్టిఫై గెలిచింది. ఆ ఫిబ్రవరిలో మొదటి రేసు, జూన్‌కల్లా ట్రిపుల్ క్రౌన్, అంటే అక్కడి మూడు పెద్ద రేసులూ. 2023లో మేజ్ కూడా అలాగే వచ్చి గెలిచింది. ఇది చెబుతూనే ఇంకో సంగతి దాచకూడదు. జస్టిఫై పరిగెత్తింది మొత్తం ఆరు రేసులే. ముందు కాలి చీలమండ దగ్గర వాపు వచ్చి ఆ జూలైలోనే తప్పుకుంది. మొదలుపెట్టడం ఆలస్యమై, ఆ తర్వాత అన్నీ నాలుగు నెలల్లో కుక్కితే ఆలస్యం వల్ల వచ్చిన లాభం ఏముంటుంది?

గేటు దగ్గర

కాళ్లు సిద్ధమైనా బుర్ర సిద్ధం కాకపోవచ్చు. దాన్ని పట్టి ఇచ్చేది స్టార్టింగ్ గేటు. బాక్సులో ఉండడానికే ఇబ్బంది పడే ప్రాణిని ఒంటికి ఆనుకునేంత ఇరుకైన ఇనప అరలోకి పంపి, వెనక తలుపు మూసి, ముందు తలుపు ఫట్‌మని తెరవాలి. మొదట రెండు తలుపులూ తెరిచి అటు నుంచి ఇటు నడిపిస్తారు. తర్వాత లోపల ఆపి నిలబెడతారు. తర్వాత వెనక తలుపు. చివర్న ముందు తలుపు. వెళ్లనని మొరాయిస్తే ఇద్దరు మనుషులు దాని వెనక చేతులు కలిపి పట్టుకుని తోస్తారు.

పక్కన ఒక పెద్ద గుర్రం నిమ్మళంగా నిలబడి ఉంటే పిల్ల కూడా నిలబడుతుంది. పక్కది కంగారు పడితే ఇదీ కంగారు పడుతుంది. అందుకని పిల్లల్ని ఎవరి పక్కన పెట్టాలన్నది కూడా ఒక విద్యే. ఇంకా మన ఊరికే ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. 1886లో మహబూబ్ అలీ పాషా మౌలాలి నుంచి రేసుల్ని మలక్‌పేటకి తెచ్చినప్పుడు చుట్టూ ఏముందో గానీ, ఇప్పుడు నాలుగు దిక్కులా ఊరే. హారన్లు, అంబులెన్సులు. వానాకాలం సీజను మొదలయ్యే రోజుల్లోనే బోనాల డప్పులు. దీపావళికి పటాకులు. మా మామ బోనాల సమయంలో కొత్త పిల్లల బాక్సుల బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏమీ చేసేవాడు కాదు. తెలిసిన మనిషి భయపడకుండా కూర్చుని బీడీ కాలుస్తుంటే చాలు, పిల్ల కాసేపటికి తల బయటికి పెట్టి చూసేది.

గేటు ప్రాక్టీసు, మాక్ రేసులు మన దగ్గర బాగానే చేయిస్తారు. మాక్ రేసంటే రేసులాగే గుంపుగా, గేటు నుంచి, జాకీలతో. డబ్బు ఉండదు, పందెం ఉండదు. అందులో గెలవడం కన్నా, ముందున్న గుర్రాల కాళ్ల నుంచి ఇసుకో మట్టో ముఖాన కొట్టినప్పుడు పిల్ల ఏం చేసిందన్నది చూడాలి. తల తిప్పేసుకుందా, ఆగిపోయిందా, కళ్లు సగం మూసుకుని పోతూనే ఉందా? మర్నాడు వచ్చే రిపోర్టులో మాత్రం ఎవరు ముందొచ్చారు, ఎంత తేడాతో అన్నదే ఉంటుంది.

జపాన్ పద్ధతి ఒకటి నాకు బాగా నచ్చుతుంది. అక్కడ గేటు పరీక్ష పాసవ్వనిదే గుర్రానికి మొదటి రేసు లేదు. ఆ మొదటి రేసు కూడా చాలావరకు అందరూ కొత్తవాళ్లతోనే. ఇదివరకు పరిగెత్తిన గుర్రం ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. మొదటిరోజే ఆరితేరినవాటి మధ్య పడి నలిగిపోకుండా ఒక చిన్న కాపు. మనమూ ఇలాంటి రేసుల్ని పెంచుకోవచ్చు.

సైసు మాట ఎక్కడ రాసి ఉంది?

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. పిల్ల గురించి అందరికన్నా ఎక్కువ తెలిసింది ఇద్దరికి. కాళ్లు తడిమే సైసుకి, రోజూ ఎక్కే రైడింగ్ బాయ్‌కి. దాణా సగంలో వదిలేసిందని సైసుకి తెలుస్తుంది. ఎడమవైపు తిరిగేటప్పుడు బరువు మార్చుకుంటోందని బాయ్‌కి తెలుస్తుంది. అది అద్భుతమైన గుర్రాల విషయంలోనూ నిజమే. బ్రిటన్‌లో ఫ్రాంకెల్ అనే గుర్రం పద్నాలుగు రేసుల్లో పద్నాలుగూ గెలిచింది. 2010 ఆగస్టులో న్యూమార్కెట్‌లో మొదటి రేసు. మొదట్లో అది చేతికి చిక్కని గుర్రం, పగ్గాలు లాక్కుని తన బలమంతా తనే కాల్చేసుకునే రకం. దానికి నెమ్మది నేర్పినవాడిగా షేన్ ఫెదర్‌స్టన్‌హా అనే వర్క్ రైడర్‌కి పేరొచ్చింది. దాని ట్రైనర్ హెన్రీ సెసిల్ గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆ రైడరు చేతుల్ని నమ్మాడు, ఆ చేతులకి కావలసినంత సమయం ఇచ్చాడు.

మన దగ్గర ఒకసారి ఏమైందో మామ చెబుతుండేవాడు. ఒక కోల్ట్ (మగ పిల్లగుర్రం) మొదటి రేసుకి నాలుగు రోజులుందనగా కుడి షిన్ కొంచెం వెచ్చగా అనిపించింది. సైసు చెప్పాడు, మామ ట్రైనర్‌కి చెప్పాడు. కుంటడం లేదు, పని బాగుంది. ఓనరు ఇంట్లో అందరూ ఆ ఆదివారం రేసు చూడడానికి ఊరి నుంచి వస్తున్నారు. పరిగెత్తించారు. నాలుగో స్థానంలో వచ్చింది. సాయంత్రానికి ఆ కాలు నేల మీద మోపలేదు. ఆ సీజనంతా బాక్సులోనే. “మేం చెప్పినమని ఎక్కడన్న రాసి ఉంటే గదా” అనేవాడు మామ. ఆ ట్రైనర్ మీద ఆయనకి కోపం లేదు. నోటి మాటకి ఆధారం లేదన్నదే ఆయన బాధ.

నేను అడిగేది చాలా చిన్నది. మొదటి రేసుకి వెళ్లబోయే ప్రతి పిల్లకీ ఒక పుస్తకం ఉండాలి. ఆఖరి ఆరు వారాలు రోజూ సైసు, బాయ్ చెప్పింది అందులో రాయాలి. కాళ్లు చల్లగా ఉన్నాయా, దాణా తిన్నదా, ఎటు తిరగనంటోంది. సైసుకి చదువు రాకపోతే ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు. ఎంట్రీ వేసే ముందు డాక్టరు ఆ పుస్తకం చూడాలి, మోకాలి ఎక్స్‌రే చూడాలి. వరసగా రెండు రోజులు వేడి అని రాసి ఉంటే ఆ రేసు వద్దు. ఓనరు అడిగితే పుస్తకం చూపించాలి.

ట్రైనర్లకి ఇది నచ్చదు. వాళ్ల అభ్యంతరంలో నిజముంది. గుర్రం ఎలా ఉందన్న వార్తకి రేసుల్లో ధర ఉంటుంది. పుస్తకం రాస్తే అది బయటికి పాకుతుంది, పందేలవాళ్ల చేతికి పోతుంది. మొదటి రేసు దాకా మాత్రమే ఈ పుస్తకం అన్నది అందుకే, అప్పటికింకా ఆ పిల్ల మీద పెద్ద పందేలు ఉండవు. రెండో అభ్యంతరం, అనుభవం ఉన్న ట్రైనరు సైసు చెప్పకుండానే అన్నీ కనిపెడతాడని. కనిపెడతాడు, పది గుర్రాలున్నప్పుడు. యాభై ఉన్నప్పుడు?

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మూడో సంగతి, దాన్ని ఎవరూ ఎత్తరు. గుర్రం గెలిస్తే సైసుకి బక్షీస్ వస్తుంది. చిన్న జీతం మీద, ఊళ్లో కుటుంబాన్ని వదిలి వచ్చిన మనిషికి ఆ బక్షీస్ పెద్ద మొత్తం. బాక్సులో నిలబడ్డ గుర్రం అతనికి ఏమీ తెచ్చిపెట్టదు. అలాంటప్పుడు వెచ్చగా ఉన్న కాలిని చల్లగా ఉందని చెప్పమని అతని అవసరమే అతన్ని తొందరపెడుతుంది. పుస్తకం పెట్టినంత మాత్రాన ఇది పోదు. పిల్లలు కొనే ఓనర్లు, ముఖ్యంగా నా మిత్రుడిలాగా నలుగురు కలిసి వాటాలు వేసుకునేవాళ్లు, ఒక పని చేయొచ్చు. మొదటి రేసులో పిల్ల ఏ స్థానంలో వచ్చినా సరే, మర్నాడు పొద్దున నాలుగు కాళ్ల మీద సరిగ్గా నడుచుకుంటూ బాక్సు బయటికి వస్తే, సైసుకీ బాయ్‌కీ బక్షీస్ ఇస్తామని లాయానికి వచ్చిన మొదటిరోజే చెప్పాలి. నలుగురు పంచుకుంటే అది నెల దాణా ఖర్చులో కొంత కూడా అవ్వదు.